రొయ్యల చెరువు గట్టున మా సర్వర్లు

మా మేనమామ పోయారన్న కబురు అత్తయ్యే ఫోన్ చేసి చెప్పింది. "మీ మావయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అంది, ఏడవకుండా. ఏలూరు ఆసుపత్రిలో చేర్చిన దగ్గర్నుంచీ అందరం భయపడుతున్నదే అది. ఆ స్థితిలో కూడా అత్తయ్య, "నీ పెట్టెల సంగతి ఎలాగమ్మా ఇప్పుడు?" అని అడిగింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

పెట్టెలంటే సర్వర్లు. ఏలూరులో నాదొక చిన్న హోస్టింగ్ వ్యాపారం. చుట్టుపక్కల స్కూళ్ళు, రైస్ మిల్లులు, చేపల మేత దుకాణాలు, ఒకటి రెండు చర్చిలు, వీళ్ళ వెబ్‌సైట్లూ ఈమెయిళ్ళూ నా మెషిన్లలో ఉంటాయి. మెషిన్లు నావే గానీ, వాటిని పెట్టుకునే చోటు వేరొకరిది కావాలి. కరెంటు పోకూడదు, వేడెక్కకూడదు, ఇంటర్నెట్ తెగకూడదు, అద్దె నేను భరించగలగాలి. చిక్కంతా ఆ చివరి మాట దగ్గరే.

హైదరాబాద్ వాళ్ళు బీరువా అంత ర్యాక్ మొత్తం తీసుకుంటేనే మాట్లాడతామన్నారు. ఏలూరులో ఒక మేడ మీద గది తీసుకుంటే, మనుషుల్లేని గదికి ఏసీ ఎందుకు దండగని ఇంటాయన మెయిన్ ఆపేసి ఊరెళ్ళాడు. తాడేపల్లిగూడెంలో కేబుల్ ఆయన తన కంట్రోల్ రూమ్‌లో ఒక మూల చూపించాడు. వానలు పడగానే సరిగ్గా ఆ మూలే కారింది. విసిగిపోయాను. "అమెరికా సర్వర్లో పెట్టేస్తే పోలా?" అని సలహాలిచ్చే వాళ్ళకి జవాబు చెప్పే ఓపిక కూడా లేకపోయింది. మా కస్టమర్లకి కావలసింది సైట్ ఆగినప్పుడు తెలుగులో కోప్పడడానికి ఒక మనిషి. ఆ మనిషిని నేను.

ఉంగుటూరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మావయ్య నా పక్కన కూర్చున్నారు. "ఏమ్మా కోడలా, అలా వాడిపోయావేంటి?" అన్నారు. ఎవరడిగితే చెప్పేద్దామా అన్నట్టున్నాను, మొత్తం చెప్పేశాను. చారు అన్నం తినడం పూర్తయ్యేదాకా విన్నారు.

"నాకర్థమైంది చెప్పనా? కరెంటు పోకూడదు. పోతే ఎవడో ఒకడు మెలకువగా ఉండాలి. అంతేగా? మా రొయ్యలకీ అదే కదమ్మా."

ఇది చదివే వాళ్ళలో చెరువులున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళకి చెబుతాను. రొయ్యల చెరువులో నీటిని చిలికే ఏరేటర్లు ఆగిపోతే, గాలి అందక రొయ్యలు చచ్చి తేలతాయి. అందుకే గుండుగొలను దగ్గర మావయ్య కౌలుకి తీసుకున్న చెరువుల మీద రెండు జనరేటర్లు, ఎప్పుడూ ఒక కాపలా మనిషి ఉండేవారు. హైవే వెంట ఇంటర్నెట్ లైను ఎలాగూ వెళుతోంది. గట్టు మీద షెడ్డులో ఒక గదికి సున్నం వేయించి, ఏసీ పెట్టించి, "నీ కరెంటు ఖర్చు నువ్విచ్చుకో, చాలు" అన్నారు. ఊళ్ళన్నీ తిరిగి దొరకనిది చుట్టరికంలో దొరికింది.

కరెంటు పోయినప్పుడల్లా ఫోన్ చేసేవారు. "పోయింది. జనరేటర్ ఎక్కింది. నువ్వు కంగారుపడకు" అని పెట్టేసేవారు. గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవారు. లోపల ఏముంటుందో చూపిస్తానంటే, "నాకెందుకమ్మా? లైట్లు పచ్చగా ఉన్నాయా లేదా, అంతవరకే నా చదువు" అనేవారు. రొయ్యపిల్లల్ని వదిలే రోజు పాస్టర్ గారు వచ్చి గట్టు మీద ప్రార్థన చేస్తే, మావయ్య ఆయన్ని గది దాకా తీసుకొచ్చి, "వీటికి కూడా చెయ్యండి అయ్యగారూ" అన్నారు. పాస్టర్ గారు ఆ లైట్ల వంక కాసేపు చూసి, "ప్రభువా, ఈ... ఈ అమ్మాయి కష్టాన్ని కాపాడు" అన్నారు. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

తుఫాను వచ్చినప్పుడు మాత్రం మావయ్య నన్ను ఏడిపించారు. కరెంటు లేదు, ఒక జనరేటర్ మొరాయించింది, డీజిల్ అడుగంటింది.

"కోడలా, నీ పెట్టెలు బ్యాటరీ మీద ఉండగానే ఆపేసుకో. జనరేటర్ ఏరేటర్లకే సరిపోవట్లేదు."

"మావయ్యా, కాస్త ఆగండి. స్కూళ్ళ వాళ్ళు ఫీజులు కట్టించుకునే రోజులివి. నన్ను చంపేస్తారు."

"నీవి ఆగితే మళ్ళీ లేపుకుంటావమ్మా. ఇవి పోతే లేవవు."

ఆపేశాను. ఒళ్ళు మండిపోయింది. ఇంక నా వ్యాపారం మూసుకోవడమేనని అనుకుంటూ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అబద్ధం కల్పించే ఓపిక కూడా లేక, ఉన్నదున్నట్టు చెప్పాను. స్కూలు కరస్పాండెంట్ గారు అంతా విన్నారు. ఆ తర్వాత, "ఎన్నెకరాలండీ?" అన్నారు. "కౌంట్ ఎంతకొచ్చింది?" అన్నారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతున్నాయని. వల వేసి పట్టే సైజుకి వచ్చేశాయని చెప్పాను. "అయ్యో, పట్టుబడికొచ్చిన సరుకండీ అది! మా సైట్‌దేముంది, రేపు చూసుకుందాం" అన్నారు. మేత దుకాణం ఆయనైతే, "డీజిల్ ఏమన్నా పంపమంటారా?" అన్నాడు. ఒక్కరు కూడా నన్ను వదిలి వెళ్ళలేదు. ఇంకే ఊళ్ళోనైనా ఆ జవాబు చెబితే నా మొహాన తలుపు వేసేవారు. అయినా మావయ్య మీద నా అలక చాన్నాళ్ళు ఉంది. ఆయన పట్టించుకోలేదు. పట్టుబడి రోజున ఒక బుట్టెడు రొయ్యలు పంపించారు.

మావయ్యని తలుచుకుని ప్రార్థనలు చేసే ఆదరణ కూడిక అయ్యాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. చెరువులు చూసే వాళ్ళు లేరు, కౌలు వదిలేస్తున్నామంది. "నిన్ను పొమ్మన్నట్టు ఉందమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ తప్పేముంది? మళ్ళీ చోటు కోసం తిరిగాను. ఈసారి ఒంట్లో ఆ శక్తి లేదు. చివరికి విజయవాడలో ఒక డేటా సెంటర్ వాళ్ళు ర్యాక్‌లో సగం ఇస్తామన్నారు. రేట్లు పెంచక తప్పలేదు. కొందరు కస్టమర్లు, పాపం మొహమాటపడుతూనే, వెళ్ళిపోయారు. మిగిలిన వాళ్ళతో ఎన్నాళ్ళు నడుస్తుందో నాకు తెలియదు.

అక్కడ అంతా తెల్లగా ఉంటుంది. వేలిముద్ర వేస్తే గానీ తలుపు తెరుచుకోదు. కరెంటు పోవడమన్నదే లేదట. టెక్నీషియన్ మొదటి సర్వర్ మూత విప్పి వెనక్కి జరిగాడు.

"ఏంటి మేడమ్ ఈ వాసన?"

మా గదికి ఆనుకునే మేత బస్తాలుండేవి. అన్నాళ్ళూ ఫ్యాన్లు ఆ పొడిని పీల్చుకుంటూనే ఉన్నాయి. "రొయ్యల మేతండీ" అన్నాను. అతను దుమ్ము ఊదే బ్లోయర్ తెచ్చాడు. "ఇలా ఇవ్వండి, నేను చేసుకుంటాను" అని తీసుకుని, సర్వర్‌ని బయట వరండాలోకి పట్టుకెళ్ళాను. బ్లోయర్ పెట్టగానే గోధుమరంగు పొడి గుప్పుమని లేచింది. నా మొహం మీద, చేతుల మీద, ఆ తెల్లటి టైల్స్ మీద పడింది. వరండా అంతా చెరువు గట్టు వాసన. బ్లోయర్ ఆపేసి, ఆ పొడి నేల మీదికి దిగేదాకా అక్కడే నిలబడ్డాను.