మూగ తీగ వెంట నడిచిన తిరుమలప్ప గారు

కడప ఎక్స్ఛేంజి నుంచి, నేను ఆపరేటరుగా ఉన్న కర్నూలు ఎక్స్ఛేంజికి ట్రంకు కాల్ వస్తే అవతలి ఆపరేటరు ముందుగా ఊరి పేరు చెప్పడం ఆనవాయితీ. ఆ ఉదయం అతను చెప్పలేదు. "తిరుమలప్ప సారు పోయినారు, రుక్మిణమ్మా" అన్నాడు. స్విచ్‌బోర్డు మీద ఎవరెవరో పిలుస్తూనే ఉన్నారు.

తిరుమలప్ప గారిది కోయిలకుంట్ల దగ్గర రైతు కుటుంబం. మద్రాసులో చదువుకుని టెలిఫోను ఇన్‌స్పెక్టరై కర్నూలు వచ్చారు. అభిమానం గల మనిషి, ముక్కోపి. ఎండలో స్తంభాల కింద తిరిగే ఉద్యోగమైనా చొక్కా మడత నలగనిచ్చేవారు కాదు. మాతో తగవు పడని రోజు లేదు. అయినా ఆయన సెలవు పెడితే మాకు గుండె దిటవు ఉండేది కాదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఎక్స్ఛేంజికి కొత్త బోర్డు వచ్చింది. నంబర్లు మారాయి. వెనక ఉన్న పాత తీగలు కొన్ని మాత్రం అలాగే ఉండిపోయాయి. ఊళ్ళో ఒకే పేరుగల వకీళ్ళు ఇద్దరు ఉండేవారు. ఒకరి కక్షిదారు ఫోను చేసి, మార్చని పాత తీగ వల్ల, తన వ్యాజ్యం లోగుట్టంతా రెండో ఆయనకు చెప్పుకున్నాడు. ఆ రెండో ఆయన ప్రతివాది తరఫు వకీలు. కోర్టు కచేరీలో పెద్ద రభస జరిగింది. తిరుమలప్ప గారు ఒక పూటంతా బోర్డు వెనక కూర్చుని, తీగలన్నీ విప్పి మళ్ళీ కలిపారు. లేచి వచ్చి మాతో అన్న మాట ఇది: "పేరు, నంబరు, తీగ మూడూ ఒకే గడపకాడికి పోవాల. ఒగటి తప్పినా మనం పిలిచేది ఒకర్ని, పలికేది ఇంకొకరు."

ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది వేరొక ఉదంతం. దాన్ని రాయవచ్చునా అని చాలా సంకోచించాను.

నది ఒడ్డు వీధిలో ఒక డాక్టరు గారు కాలం చేశారు. ఆయన కుటుంబం ఇల్లు తాళం వేసి వెళ్ళిపోయింది. ఫోను పెట్టెను మావాళ్ళే ఊడదీసి తెచ్చారు. ఎవరైనా తమ ఇంట్లో ఫోను పిడి తిప్పితే మా బోర్డు మీద ఆ నంబరు బిళ్ళ పడుతుంది. పెట్టె లేని ఇంటి బిళ్ళ పడకూడదు. ఆ వేసవిలో, మిట్టమధ్యాహ్నం వేళ, డాక్టరు గారి బిళ్ళ పడింది. కలిపి విన్నాను. ఎక్కడో దూరాన ఒక ముసలామె గొంతు.

"ఎవరన్నా ఉండారా? ఈడ పడిపోయినాను."

ఎవరమ్మా, ఎక్కడ అని ఎంత అడిగినా ఆమెకు వినపడినట్టు లేదు. అదే మాట, అదే స్వరం. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఆ వేళకు తోటి ఆపరేటర్లు బోర్డు దగ్గర కూర్చోవడం మానేశారు. తిరుమలప్ప గారు పొరుగూరి పని మీద ఉండి వారం దాటాక వచ్చారు. నా మాట విని నవ్వలేదు. తానే చెవి ఒగ్గి విన్నారు. వెంటనే బయలుదేరారు.

ఆ తర్వాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే. స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ ఆ వీధికి చేరారు. డాక్టరు గారి తీగ కొస గాలికి ఊడి, పక్కింటి తీగకు చుట్టుకుని ఉంది. లోపం దొరికిందనుకుని నిచ్చెన వేయబోతుండగా, పక్కింటి ప్రహరీ అవతల నుంచి అదే మాట వినిపించింది. ఈసారి తీగలో కాదు, గాలిలో. గోడ దూకి వెళితే, ఒంటరిగా ఉండే లక్షుమమ్మ అనే వృద్ధురాలు వంటింటి గడపలో తుంటి విరిగి పడి ఉంది. ఎద్దులబండి మీద ఆసుపత్రికి చేర్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని వైద్యులు అన్నారు.

మరుసటి రోజు ఆయన ఆమెను చూడబోయి, ఫోనులో ఎన్నాళ్ళుగా పిలుస్తున్నావని అడిగారు. ఆమె తెల్లబోయింది. తాను పడింది నిన్న ఉదయమేనట. దానికి ముందు వారమంతా పచ్చళ్ళ పనిలో సుఖంగానే ఉందట. ఫోను ముట్టనేలేదట. ఇంట్లో మరో మనిషి లేరు.

తీగలు కలిసినందువల్ల లోపం, సరిచేయడమైనది, అని రాసి ముగించమన్నారు పై అధికారి. తిరుమలప్ప గారు కలం కింద పెట్టారు. ఆ మాటలు నా ఎదుటే జరిగాయి.

"తీగలు కలిసినాయి, నిజమే సార్. ఆయమ్మ మొన్న పడింది. మనం పోయిన వారమే ఇన్నాము. అది యాడ రాయాల?"

అధికారి కోపగించుకున్నారు. పిచ్చి అంటారు, పరువు పోతుంది అన్నారు. ఈయన వినలేదు. లోపం పోయింది, కారణం దొరకలేదు అని మాత్రమే రాసి సంతకం చేశారు. కొద్దికాలానికే కడపకు బదిలీ అయింది. రావలసిన పదోన్నతి రాలేదు. ఆ సంగతి ఎత్తితే మాట మార్చేవారు.

పోయిన ఏడు ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి వెళ్ళి, తిరుగుదారిలో కడపలో వారింట దిగాను. చిక్కిపోయారు. ఆ గొంతుకు కారణం దొరికిందా అని అడిగాను. ఆయన చూపు పెరట్లోకి మళ్ళింది. "దొరకల్యామ్మా. ఎతికేది మాత్రం ఇడిసిపెట్టలా. తెలీనిదాన్ని తెలిసినట్టు రాస్తే, ఆ తట్టు ఎవరు పిలిచినా ఇంక మన చెవికి ఎక్కదు" అన్నారు.

దినకర్మలకు వెళ్ళినప్పుడు వారి ఇల్లాలు నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుంది. కడపటి రోజుల్లో ఆయన మంచం మీది నుంచి, ఎవరో పిలుస్తున్నారు, పలకమని ఆమెను పురమాయించేవారట. పెరట్లో ఎవరూ ఉండేవారు కాదట. ఆయన మనసు కష్టపెట్టలేక ఆమె గడప దాకా వెళ్ళి, "ఆఁ, వస్తాండా" అని బదులు చెప్పి వచ్చేదట. అప్పుడు గాని ఆయన నిద్రపోయేవారు కాదట.

అంత శ్రద్ధగా ఆలకించిన మనిషిని నేను మళ్ళీ చూడబోను. ఆ పుణ్యమూర్తికి నా నమస్సులు. ఆ రోజు మేము మాట్లాడుకుంటూ ఉండగానే వారి ఇల్లాలు ఒకసారి చటుక్కున లేచి పెరటి గడప దాకా వెళ్ళి, బదులు చెప్పి వచ్చి కూర్చుంది. నాకైతే ఏమీ వినిపించలేదు.