త్రిఫల ఉండలు, మామ్మ ఐదో మాట

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి మా మామ్మకి ఐదో మాట వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిందేమో. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. మా చర్చిలో ఆ ఏడుగురూ ఎప్పుడూ చదువుకున్న మగాళ్లే. పన్నెండేళ్లు అడగ్గా అడగ్గా, చదువురాని మా మామ్మకి దాహం గురించిన మాట ఇచ్చారు. ఇక చూసుకోండి! నలభై రోజులు అంట్లు తోముతూ ప్రసంగం, బియ్యం ఏరుతూ ప్రసంగం. నాకైతే కంఠతా వచ్చేసింది.

తీరా ఆ వారం మామ్మ కడుపు బిగిసిపోయింది. నాలుగు రోజులు! "కడుపులో రాయున్నట్టుందే, దీంతో నిలబడి ఏటి సెప్తాను?" అని ఒకటే గోల. ఆయుర్వేదం కొట్టుకెళ్లి త్రిఫల చూర్ణం తెచ్చాను. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపి దంచిన పొడి. మామ్మ నాలుక మీద వేసుకుని "తూ! ఇది మందా, మట్టా?" అని ఉమ్మేసింది. అనకాపల్లి పిల్లని కదా, నా బుర్రకి తట్టే వైద్యం ఒకటే. బెల్లం పాకం పట్టి, పొడంతా అందులో పోసి ఉండలు చుట్టాను. రోజుకొకటే అని మరీ మరీ చెప్పాను.

గురువారం ఒకటి తింది. ఏమీ అవలేదు. శుక్రవారం పొద్దున చూస్తే డబ్బాలో నాలుగు ఉండలు లేవు.

"ఏటి మామ్మా ఇది? ఉపవాసం కదా!"

"బెల్లమేనే! బెల్లం ఉపాసానికి అడ్డమేటి? మా అత్త కాలం నుంచీ తింతన్నాం."

మా ఇళ్లల్లో అంతే. అన్నం ముట్టరు గానీ బుగ్గన బెల్లం ముక్క ఉండాల్సిందే.

పన్నెండింటికి ఆరాధన మొదలైంది. మూడో మాట దాకా మామ్మ దర్జాగా కూర్చుంది. నాలుగో మాటకి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు లేచారు. కొత్త సెల్‌ఫోన్‌లో టైము చూసుకుంటూనే, ఆ టైము దాటిపోతూ, ఆదికాండం నుంచి ఎత్తుకున్నారు. మామ్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"కదిలిందే" అంది చెవిలో.

"బయటికెళ్దాం పద."

"ఎల్తే నా మాట ఇంకోళ్లకిచ్చేత్తారు. పన్నెండేళ్లే!"

నాకు ఒకపక్క భయం, ఇంకోపక్క పొట్ట చెక్కలయ్యే నవ్వు. గుడ్ ఫ్రైడే నాడు నవ్వితే ఇంకేమన్నా ఉందా! పెదవి కొరుక్కున్నాను. హెడ్మాస్టరు గారు తీరిగ్గా మోషే దగ్గరికొచ్చారు. మామ్మకి ముచ్చెమటలు పోస్తున్నాయి.

ఎట్టకేలకు ఆయన దిగారు. మామ్మ ఒక్క ఉదుటున వెళ్లి మైకు పట్టుకుంది. నలభై రోజుల ప్రసంగం గాలికెగిరిపోయింది.

"ఆయనకి దాహమేసింది. నీళ్లియ్యకుండా పులిసిపోయిన సిరకా ఇచ్చేరు. మీ గుమ్మంలోకి ఎవులొచ్చినా ముందు నీళ్లియ్యండి. కులమడక్కండి. ఆమెన్."

అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్క తలుపులోంచి ఒకటే పరుగు!

చర్చి చర్చంతా ఆ తలుపు వైపే చూసింది. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు మొదలయ్యాయి. ఏడుపు ఆపుకోలేక పరిగెత్తిందనుకున్నారు.

నేను వెనకాల దొడ్లోకి పరిగెత్తాను. మూసిన మరుగుదొడ్డి తలుపు వెనక మామ్మ నిజంగానే ఏడుస్తోంది. "అంతా పాడుసేసేనే. అన్ని రోజులు నేర్సుకుని నాలుగు ముక్కలు సెప్పేను."

"మామ్మా, లోపల అందరూ ఏడుస్తున్నారు. హెడ్మాస్టరు గారు కూడా."

"ఒట్టు?"

"ఒట్టు."

అంతలో పాస్టరమ్మ గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. "మామ్మ గారూ, వచ్చే ఏడు కూడా మీరే చెప్పాలి" అన్నారు ఆ తలుపుతో.

లోపల ముక్కు చీదిన చప్పుడైంది. తర్వాత మా మామ్మ గొంతు ఖంగుమంది.

"అలాగేనమ్మా. గానీ ఈసారి మొదటి మాట ఇయ్యండి."