కిటికీ చెక్కకు జీడి నూనె

విశాఖపట్నంలో ఉంటున్న మా అక్క కూతురు మొన్న ఆదివారం ఫోన్ చేసింది. కొత్త ఫ్లాటుకి మారుతున్నారట, ఏడో అంతస్తు. దానికొక పిల్లి ఉంది. "పిన్నీ, కిటికీలకి ఏం కట్టాలి, బాల్కనీకి ఏం కట్టాలి? నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంది అమ్మ" అని, తను ఎక్కడో సంపాదించిన పొడుగాటి జాబితా ఒకటి వాట్సాప్‌లో పంపింది. ఏ మొక్కలు విషం, కరెంటు తీగలు ఎలా దాచాలి, ఎలకల మందు ఎక్కడ పెట్టకూడదు, అన్నీ ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాను. జీడి నూనె గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? ఆ పొరపాటు పలాస చుట్టుపక్కల వాళ్ళు తప్ప మరెవరూ చెయ్యలేరు. ఆ చేసిందాన్ని నేనే.

కొన్నేళ్ళ కిందట మా అత్తకి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా ఉద్దానంలో అదేమీ వింత కబురు కాదు, మా వీధిలోనే అప్పటికి ముగ్గురున్నారు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలన్నారు. వజ్రపుకొత్తూరు పక్కనున్న మా ఊరి నుంచి ఆటోలో పోయి రావడం పదిహేను రోజులు చూశాం. వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది గానీ, తిరిగొచ్చేసరికి ఆవిడని ఇద్దరం పట్టుకుని దించాల్సి వచ్చేది. టెక్కలిలో బడి పంతులైన మా ఆయన పలాసలో ఒక మేడ మీద వాటా చూశారు. సామాను సర్దుతుంటే అత్త అరుగు మీంచి కదల్లేదు. కుక్కనీ పిల్లినీ ఎవరికో అప్పగిద్దామని మేం అనుకోవడం ఆవిడ చెవిన పడింది. "అవి వత్తే నానొత్తాను. నేకపోతే ఇక్కడే ఏదో అయిపోతాను. నాకేటి బెంగ నేదు" అంది. మా అత్తకి మాట ఒక్కటే. అందువల్ల పిల్లినీ కుక్కనీ కాపాడుకోవడం అత్తని కాపాడుకోవడమే అయింది నాకు.

కుక్క పేరు కరణం. ఊళ్ళో అందరి వ్యవహారాలూ అరుగు మీద కూర్చుని గమనించేది కాబట్టి ఆ పేరు. పిల్లి దొరసాని. పేరు ఎందుకో చెప్పక్కర్లేదు. కరణాన్ని తాడుతో, దొరసానిని గోనె సంచిలో తెచ్చాం. పిల్లికి దారి గుర్తుండకూడదని, సంచిని ఇంటిచుట్టూ మూడుసార్లు తిప్పి మరీ ఆటో ఎక్కించింది అత్త. పలాసలో సంచి మూతి విప్పగానే దొరసాని గ్యాస్ సిలిండరు వెనక్కి పోయి రెండు రోజులు బయటికి రాలేదు. పిల్లి పిల్లల్ని పెట్టుకుని ఏడిళ్ళు తిరుగుతుందంటారు గానీ, ఈవిడకి ఒక్క ఇల్లు మారడమే గగనమైంది. కరణం సంగతి మరీ అన్యాయం. పుట్టి బుద్ధెరిగి ఇసక తప్ప మరో నేల తొక్కని జీవి. పాలరాయిలా మెరిసే ఆ టైల్స్ మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారిపోయి, గచ్చుకి పొట్ట ఆనించి, నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. గుమ్మం నుంచి బాల్కనీ దాకా గోనెపట్టాలు పరిచాను. ఆ గోనెల దారి తప్పి పక్కకి అడుగు వేసేది కాదు. వంటింట్లోకి రావాలనిపిస్తే గోనె చివర నిలబడి తోకాడించేది, నేనింకో గోనె పరిచేదాకా.

నాకు ముందునుంచీ అతి జాగ్రత్త, అదొక జబ్బు. అంతకుముందున్న వాళ్ళు అలమారలో వదిలేసిన ఎలకల మందు తీసి పారేశాను. బాల్కనీ ఊచల సందులకి కొబ్బరాకు తడికలు అడ్డం కట్టాను. కిటికీలకి ఇనప జాలీ వేయించాను. మెట్ల దగ్గర ఊచల తలుపుకి తాళం వేసి, ఆ చెవి బొడ్లో దోపుకుని తిరిగాను. తాళం పిల్లి కోసమనే అందరికీ చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, వచ్చిన వారానికే మా అత్త చేతిసంచితో మెట్లు దిగి, రోడ్డు మీద మా ఊరి ఆటో కోసం నిలబడి ఉండగా పట్టుకున్నాం. ఆ తర్వాత ఆ ఇంట్లో తలుపు తీయాలంటే ముందు కుక్క ఎక్కడుందో చూడాలి, పిల్లి ఎక్కడుందో చూడాలి, తర్వాత అత్త ఎక్కడుందో చూడాలి. కూరలకి పోవాలన్నా, పక్క వాటాలో రెండు మాటలు చెప్పుకోవాలన్నా నాకు కాలు కదిలేది కాదు. జైల్లో ఖైదీలకైనా డ్యూటీ మారే జవాన్లుంటారు, ఇక్కడ జవానూ నేనే, ఖైదీనీ నేనే. మా ఆయన పొద్దున్నే టెక్కలి బస్సెక్కి పోతుంటే ఆ బస్సు మీద నాకు అసూయగా ఉండేది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆయన మీద కూడా.

వీధి వైపు కిటికీ ఒకటి ఉండేది. పాత చెక్క, వెడల్పాటి గట్టు. ఆ గట్టు మీద దొరసాని, కింద కుర్చీలో అత్త, కుర్చీ కాళ్ళ దగ్గర గోనె మీద కరణం. ముగ్గురూ పొద్దస్తమానం కింద పోయే జనాన్ని చూసేవారు. ఒకరోజు ఆ చెక్కకి చెద పట్టిందని కనిపెట్టాను. ఇల్లుగలాయన అసలే జంతువులుంటే ఇల్లు పాడవుతుందని సణిగే మనిషి, చెద చూస్తే పిల్లి గోళ్ళకే అంటగడతాడు. ఖాళీ చెయ్యమంటే ఇంకే ఇల్లుగలవాడు కుక్కనీ పిల్లినీ రానిస్తాడు? మా ఉద్దానంలో చెదకి మందేమిటని చిన్నపిల్లనడిగినా చెప్తుంది, జీడి నూనె. జీడి పిక్కల పెంకు నుంచి కారే నల్లటి నూనె అది. చెయ్యి తగిలితే చర్మం ఊడొస్తుంది. మా పుట్టింట్లో దూలాలకీ తలుపులకీ ఏటేటా ఆ పూతే. ఊరినుంచి తెచ్చుకున్న సీసా తీసి, చేతికి గుడ్డ చుట్టుకుని, శ్రద్ధగా రెండు పూతలు వేశాను. రెండు రోజులు పిల్లిని పడగ్గదిలో పెట్టి తలుపేశాను. మూడో నాడు వేలితో తాకి చూస్తే ఆరినట్టే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి గది తలుపు తీశాను.

ఆ పొద్దున వాన ముసురు. ఆరిందనుకున్న పూత చెమ్మకి మళ్ళీ జిగురు కట్టింది. రెండు రోజులు దూరమైన గట్టు కదా, దొరసాని దాని మీదికెక్కి ఒళ్ళంతా రాసుకుంది, గడ్డం రాసుకుంది, తర్వాత ఆ ఒళ్ళంతా నాక్కుంది. నేను పప్పు పోపు పెట్టి వచ్చేసరికి నోటినుంచి చొంగ కారుతూ గది నాలుగు మూలలా పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది. గడ్డం కింద చర్మం ఎర్రగా లేచిపోయింది. అత్త కుర్చీలోంచి లేవబోయి లేవలేక "ఓలమ్మ, దానికేటయినాదే" అంటోంది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తాను.

పక్క వాటాలో ఒక అప్ప ఉండేది. అప్పంటే మాకు అక్క. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడం ఆవిడ పని, ఆ వేళకింకా ఇంట్లోనే ఉంది. గోల విని వచ్చి, నా చేతిలో చెంబు లాగేసింది. "నీల్లు పొయ్యకు. జీడికి నీల్లేటి సేత్తాయి? కొబ్బరి నూనె అట్రా" అంది. తన చేతులకి నూనె పట్టించుకుని, దొరసానిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో ఇరికించుకుంది. వేళ్ళ చివర నల్లబడిపోయిన ఆ చేతులతోనే బొచ్చుకి నూనె రాయడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ రాయడం, మళ్ళీ తుడవడం. నల్లటి జిడ్డు గుడ్డకి అంటుతూ వచ్చింది. ఆ తర్వాతే సబ్బు. పిల్లి ఆవిడ మణికట్టు మీద నాలుగు గీతలు పెట్టినా వదల్లేదు. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు సూది వేసి, నాలుక పుండైందన్నారు. మూడు రోజులు చుక్కలు చుక్కలుగా పాలు పట్టమన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్ళు నాకకుండా మెడకి అడ్డం కట్టాలన్నారు. ఆ అడ్డం వాళ్ళ దగ్గర లేదు.

ఇంటికొచ్చేసరికి అత్త గోడకి తిరిగి పడుకుని ఉంది. మర్నాడు డయాలసిస్. "దానికి బాగయ్యీదాకా నాను మెషీను కాడికి రాను" అంది. ఒక్క విడత తప్పితే ఆవిడకి ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. అంతకుముందు నెల ఒకసారి తప్పినప్పుడు మాకు చావు కనిపించింది. అప్పటికే పాదాలు ఉబ్బి ఉన్నాయి. బుద్ధి తక్కువై చేశానని, తిట్టాలనుంటే నన్ను తిట్టమని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చాలాసేపటికి ఇటు తిరిగింది. "నువ్వు సెడ్డకి సెయ్యనేదు, నాకు తెలుసు. మనూర్లో అయితే ఆ సెక్క జోలికి ఎల్తాదా అది? తోటంతా దానిదే. ఇక్కడ దానికేటున్నాది? ఆ సెక్కొకటే ఉన్నాది."

పుట్టింట్లో ఏటేటా పూసినా ఒక్క పిల్లికీ ఏమీ కాకపోవడానికి కారణం అదే. వాసన కొట్టిన చోటినుంచి పోవడానికి వాటికి జాగా ఉండేది. దొరసాని నా పూతకి కాలలేదు, నా జాలీలకీ తాళానికీ కాలింది.

లేచి, అత్త ఆసుపత్రి సంచిలోంచి పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీసి, కత్తెరతో గుండ్రంగా కోసి, గరాటులా మడిచి దొరసాని మెడకి తొడిగాను. అత్త ఛాతీ ఎముకలు పిల్లి మొహం చుట్టూ విచ్చుకున్నాయి. అది రెండడుగులు వెనక్కి నడిచి, కరణానికి గుద్దుకుని, కూలబడింది. అత్త చూసింది. "నా ఎముకలు దాని మెడకేసీసినావేటే" అని, పలాస వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ధైర్యం చేశాను. "అది మెడకి కట్టించుకుంది గదత్తా. రేపు నువ్వు మెషీనుకి సెయ్యి ఇయ్యి" అన్నాను. "అది ఊరుకుంటే నానూ ఊరుకుంటాను" అంది. నేను బొడ్లోంచి తాళం చెవి తీసి, తలుపు పక్కన ఆవిడ చేతికందే ఎత్తులో మేకుకి తగిలించాను.

మర్నాడు అత్త మెషీనుకి వచ్చింది. నాలుగు గంటలూ నర్సులకి పిల్లి కథే. దొరసాని నాలుక మానడానికి పది రోజులు పట్టింది. అన్నాళ్ళూ దూదితో పాలు పట్టింది అత్తే. తనకి రోజుకి ఇన్ని నీళ్ళేనని నేను కొలిచి ఇచ్చే గ్లాసుని పక్కన పెట్టుకుని, "ఇద్దరికీ కొలతేనే" అనేది దాంతో. ఆ గట్టు చెక్కని గీకించి రేకు కొట్టించాం. మా ఆయన ఊరినుంచి చినిగిన చేపల వలలు తెచ్చి డాబా చుట్టూ, పైనా కట్టేశారు. కింద ఇసక పోయించారు. సాయంత్రం అయితే అత్త, దొరసాని, కరణం, నేను అందులో కూర్చునేవాళ్ళం. మేకునున్న చెవి తీసి డాబా మెట్ల వైపు నడిచేది అత్తే. ఊరి ఆటో వైపు మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. "వలలో పడ్డామే కోడలా" అనేది అప్పుడప్పుడు, కోపం లేకుండా. అలా ఇంకో రెండేళ్ళు బతికింది. ఆవిడ పోయిన ఏడాదికి కరణం కూడా పోయాడు.

ఇప్పుడు మా ఆయన రిటైరయ్యారు. ఊరెళ్ళిపోదాం, తోట చూసుకోవాలి అంటారు. పలాసలో మనకింకా ఏం పని అంటారు. నిజమే, ఏమీ లేదు. కానీ దొరసాని ముసలిదైంది, ఒక కన్ను మసక. ఈ ఇంట్లో గోడలు చూసుకోకుండా తిరుగుతుంది, అక్కడ తోటలో ఏ గోతిలో పడుతుందో. ఇక్కడ ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు మొన్న ఆయన, కాఫీ తాగుతూ. అక్క కూతురికి ఏం జవాబు రాయాలా అని ఫోన్ పట్టుకుని కూర్చున్నదాన్ని, తలెత్తకుండానే అన్నాను.

"అది వత్తే నానొత్తాను."

అన్న తర్వాత గానీ అది ఎవరి మాటో నాకు తెలియలేదు. అత్త అంత తిన్నగా ఆ మాట అన్నరోజు ఎంత మొండి మనిషో అని పళ్ళు నూరుకున్నాను. అది మొండితనం కాదని తెలియడానికి నాకు ఇన్నేళ్ళూ పట్టింది, తెలిసిందని చెప్పుకోవడానికి ఆవిడ లేదు.