పటంలో మా గట్టు

మొన్న కాలేజీలో పాత బీరువా సర్దుతుంటే కలరా ఉండల వాసనతో ఒక గుడ్డపటం బయటపడింది. గోపాల్‌పేట పక్కన మా ఊరి గుట్ట, దాని కింద వాగు, ఆ రెంటి మధ్య వంకర్లు పోయిన గోధుమరంగు గీతలు చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

గుట్ట వాలులో పై చేను మా తాతది, కింది చేను ఆయన తమ్ముడు చిన్నతాతది. మృగశిర వానలు ఊపందుకోగానే మధ్యలో గట్టు తెగేది, మా ఎర్రమట్టి వెళ్లి వాళ్ల పల్లీ మొలకల మీద మేట వేసేది, గట్టు నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని అన్నదమ్ములు అరుచుకునేవాళ్లు. చివరికి మాటలే బందయ్యాయి. ఆ ఉగాదికి చిన్నతాత భార్య చిన్నవ్వ పూర్ణం పెట్టి కాల్చే భక్షాల నేతివాసన గోడ దాటి వచ్చింది గానీ భక్షాలు రాలేదు. నిజం చెప్పాలంటే, తాతల పంతం కంటే నాకు వాటి మీదే దిగులెక్కువ.

అప్పుడే మా బడిలో సారు ఇలాంటి పటమే గోడకు తగిలించాడు. ఆ గీతలు చూసి నేను రెండిళ్లలోనూ చాటింపు వేశాను: "సర్కారు పటంల అందరి గట్లున్నయి!"

తెల్లారేసరికి ఉతికిన రుమాళ్లు చుట్టుకుని ఇద్దరూ బడికొచ్చి, పటానికి చెరో పక్క నిలబడి, తాత గుట్ట నుంచి కిందికి, చిన్నతాత వాగు నుంచి పైకి, వేలు పెట్టి గట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్క కుదిరితే ఒట్టు. సారు కడుపు పట్టుకుని నవ్వి, అవి గట్లు కావని, ఒక్కో గీత పొడుగునా నేల ఒకే ఎత్తులో ఉంటుందని చెప్పాడు.

తాత ఒక గీత వెంట చివరిదాకా వేలు జరిపి, "అంటే నీళ్లు గీ గీత పట్టుకొనే నిలుస్తయన్నట్టు" అన్నాడు.

"అన్నా, మనం గట్టు సూటిగ ఏసినం గద, గందుకే ఏటేటా తెగుతున్నది" అన్నాడు చిన్నతాత. ఏడాది తర్వాత ఆయన అన్నతో మాట్లాడిన మొదటి మాట అది. తాత కళ్లు తుడుచుకున్నాడు. నాకు పట్టలేనంత సంతోషమైంది.

ఆ వారమే ఇద్దరూ పారలు పట్టి, వాలును బట్టి వంకరగా కొత్త గట్టు వేసి, దాని మీదే కూర్చుని నూరిన పల్లీల తొక్కుతో జొన్నరొట్టెలు తిన్నారు. చిన్నవ్వ పండగ లేకపోయినా భక్షాలు చేసింది.

ఈమధ్య ఊరికి పోయాను. కాలువ నీళ్లొచ్చాక నేల చదును చేసి, రెండు చేన్లూ కలిపి ఒకే కౌలుదారు వరి వేస్తున్నాడు. నాతో వచ్చిన చిన్నతాత మనవరాలిని, "మీ చేను యాడికెళ్లి మొదలైతదే?" అని అడిగాను.

"ఏమోనే అక్కా, తెల్వదు."

నాకూ తెలియలేదు. తాతలుంటే, ఈసారి ఇద్దరూ ఒక్కటై మమ్మల్ని తిట్టేవాళ్లు.