ఆకు అంచున ఉప్పు

చాలా ఏళ్లు ఎవరికీ చెప్పని సంగతి ఇది. అమ్మకి చెప్పలేదు. అన్నీ చెప్పుకునే లలితక్కకీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో రెండే ముక్కలు రాసుకున్నాను: "సంత. మామ్మ కనిపించింది." ఆ తర్వాత వారం ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, ఆమెకి చెప్పాల్సిన మాట నా నోటిదాకా వచ్చి కూడా నేను చెప్పలేదు.

దయ్యాలని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. మాది అరకులో చిన్న కిరాణా కొట్టు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కొట్టుకొచ్చిన వాళ్లెవరైనా గాలి సోకిందనో, దారిలో ఎవరో పేరు పెట్టి పిలిచారనో చెబితే, నాన్న ఉల్లిపాయలు తూస్తూనే "ముందు జ్వరం మాత్ర వేసుకోండి" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. పుస్తకాలు ఎక్కువ, మాటలు తక్కువ.

అందుకని చూసింది చూసినట్టు రాస్తాను. తొంభైల చివర, నాకు పంతొమ్మిదేళ్లప్పటి చలికాలం అది.

అరకు చూడ్డానికి వచ్చేవాళ్లు రైలు దిగి, గుహలూ తోటలూ మ్యూజియమూ చూసి సాయంత్రానికి వెళ్లిపోతారు. నా అరకు వేరే. డైరీ వెనక పేజీల్లో దానికో జాబితా ఉండేది. ప్యాసింజరు వచ్చే వేళకి స్టేషను బయట వేసే మిరపకాయ బజ్జీ. రైలు ఆలస్యమైతే అది నూనెలో ఇంకాస్త వేగి మరీ బాగుండేది. వలిసె పూలు పూసినప్పుడు రైలు కట్ట మీద నిలబడితే కనిపించే పసుపు. కాఫీ తోటలో, మిరియాల తీగలు పాకిన చెట్ల కింద ఒక రాయి. అక్కడ కూర్చుంటే ఎవరూ పలకరించరు. నాలాంటి దానికి అంతకన్నా ఏం కావాలి.

జాబితాలో మొదటిది మాత్రం శుక్రవారం సంతలో ఒక గోనెపట్టా. దాని మీద కూర్చుని ఒక ముసలమ్మ రాగి అంబలి అమ్మేది. ఆనపకాయ బుర్రలోంచి అడ్డాకు డొప్పలోకి పోసి, రేకు డబ్బాలోని కల్లుప్పు వేళ్లతో నలిపి వేసేది. ఎంత వెయ్యాలో అడిగేది కాదు. మనిషి మొహం చూసి వేసేది. ఎండలో నడిచొచ్చిన వాళ్లకి ఎక్కువ, నాకు తక్కువ.

ఆమెది కొండ మీద, రెండు గంటల నడక దూరంలో ఒక గూడెం. ఎడమ చేతికి మోచేతి దాకా పచ్చబొట్టు. కుడి చెవి తమ్మె చినిగి రెండుగా వేలాడేది. పదేళ్లప్పటి నుంచి ఆమె దగ్గర అంబలి తాగుతున్నా, పేరు అడగడానికి నాకు సిగ్గు. డైరీలో "అంబలి మామ్మ" అని రాసుకునేదాన్ని. ఆమె నన్ను మూగ గుంట అనేది. గుంట అంటే వాళ్ల మాటలో పిల్ల.

"ఏటే మూగ గుంటా, నోరు మీ కొట్లో ఎట్టీసి వచ్చీసినావా?" అని నలుగురిలో అనేసి, తనే నవ్వేది.

చలి ముదిరాక మామ్మ అంబలితో పాటు ఉడికించిన చిక్కుడు పిక్కలు కూడా తెచ్చేది. అయితే చేలో కాయ ముదిరిందని తెచ్చేసేది కాదు. ముందు వాళ్ల గూడెంలో కొత్త పండగ అవ్వాలి. ఏ పంటైనా సరే, దానికి కొత్త చేసే వరకు వాళ్లు నోట పెట్టరు, ఇంకొకరికి పెట్టరు. మైదానం చిక్కుళ్లు అప్పటికే మా కొట్లో ఉండేవి. వాటికి ఆ రుచి ఉండేది కాదు. నేను మామ్మ బుట్ట వైపు చూసి సైగ చేస్తే ఆవిడ కళ్లు పెద్దవి చేసేది.

"కొత్త అవ్వలేదు. అంతవరకూ నాలిక కొరుక్కో."

ఒక ఏడు ఉండబట్టలేక నోరు తెరిచి అడిగేశాను. "ఈ గుంటకి మాటొచ్చిందర్రా, పిక్కల కోసరం!" అని చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పింది. పిక్కలు మాత్రం పెట్టలేదు.

ఆ చలికాలం మామ్మ వరసగా మూడు శుక్రవారాలు రాలేదు. పక్కన తట్టలమ్మే ఆవిడని అడగడానికే నాకు రెండు వారాలు పట్టింది. "ఒళ్లు పొంగిపోనాది. కూతురు వైజాగు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. వచ్చీసద్దిలే" అంది. వచ్చేస్తుందనే అనుకున్నాను.

నాలుగో శుక్రవారం నాటికి లలితక్క మా ఇంట్లో ఉంది. పెద్దమ్మ కూతురు, విజయనగరంలో టీచరు. కొత్తగా కెమెరా కొనుక్కుంది. "నీ జాబితా అంతా తిప్పకపోతే ఆ డైరీ లాక్కుపోతాను" అని బెదిరించింది. ముందురోజు బజ్జీలూ వలిసె చేలూ అయ్యాయి. సంత మిగిలింది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గోడ గడియారంలో తొమ్మిదిన్నర. పొగమంచు ఇంకా ఉంది గాని వెలుగు బాగానే వచ్చింది. పది అడుగుల్లో ఉన్న మనిషి మొహం స్పష్టంగా తెలుస్తోంది.

కొండ దారి వచ్చి రోడ్డుని కలిసేచోట, సంతకి కొంచెం ఇవతల, నాలుగైదు బండరాళ్లు ఉంటాయి. కొండ దిగి వచ్చేవాళ్లు అక్కడ కావిళ్లు దించి, కాలవలో కాళ్లు కడుక్కుని, తెచ్చుకున్నది తిని అప్పుడు సంతలోకి వెళ్తారు. లలితక్క వెనక తేనె అమ్మే వాళ్ల దగ్గర బేరమాడుతూ ఆగిపోయింది. నేను ముందుకు నడిచాను.

రాయి మీద మామ్మ కూర్చుని ఉంది.

ఒళ్లు పొంగి లేదు. జబ్బుపడి లేచిన మనిషిలా కూడా లేదు. ఒళ్లో అడ్డాకు. ఆకులో ఉడికించిన చిక్కుడు పిక్కలు. ఆకు అంచున చిన్న కుప్పగా కల్లుప్పు. ఒక్కో పిక్కనీ వేళ్లతో నొక్కి, తొక్క తీసి, ఉప్పుకి అద్ది నోట్లో వేసుకుంటోంది. చాలా ఆకలి మీద ఉన్నట్టుంది, అయినా తొందరపడటం లేదు. ఒక్కొక్కటీ నమిలి, మింగి, అప్పుడు ఇంకోటి తీసుకుంటోంది.

నాకెంత సంతోషమైందంటే సిగ్గు మర్చిపోయాను. "ఎప్పుడొచ్చావు మామ్మా? ఒంట్లో బాగుందా?" అని అడిగాను.

బాగుందన్నట్టు తల ఊపింది. నోటి నిండా పిక్కలున్నాయి.

పక్క రాయి మీద కూర్చుని ఆకు వైపు చెయ్యి చాపాను. ఆవిడ తింటోందంటే కొత్త అయిపోయిందనే కదా. మామ్మ ఆకుని మెల్లిగా తన వైపు జరుపుకుంది.

"నీకు కాదు గుంటా. నీకింకా కొత్త అవ్వలేదు."

"మరి నువ్వు తింటున్నావుగా?" అన్నాను.

నవ్వింది. చినిగిన తమ్మె ఊగడం నాకు బాగా గుర్తుంది. ఎప్పటిలాగే ఏడిపిస్తోందనుకుని, ఫోటో తీయిద్దామని అక్క కోసం వెనక్కి పరిగెత్తాను. యాభై అడుగులు కూడా ఉండదు. అక్క చెయ్యి పట్టుకుని వచ్చేసరికి రాయి మీద ఎవరూ లేరు. ఆకు ఉంది. తొక్కలు ఉన్నాయి. అంచున మిగిలిన ఉప్పు మంచు తడికి కరుగుతోంది.

"ఏదే మీ మామ్మ? కెమెరా చూసి పారిపోయిందా? నీకు తగ్గ స్నేహితురాలే" అంది లలితక్క.

సంతంతా తిరిగాం. ఆమె చోటు ఖాళీగానే ఉంది. తట్టలావిడ కూడా చూడలేదంది.

తర్వాతి శుక్రవారం ఆ చోట గోనెపట్టా పరిచి ఉంది. దూరం నుంచి చూసి గబగబా వెళ్లాను. దాని మీద కూర్చున్నది మామ్మ కూతురు చిలకమ్మ. అదివరకు ఒకట్రెండు సార్లు చూశాను. అదే బుర్ర, అదే రేకు డబ్బా. అంబలి పోస్తూ చెప్పింది, మామ్మ పోయిందని. కిందటి వారం గురువారం సాయంత్రం, ఆసుపత్రిలోనే. మర్నాడు శుక్రవారం తెల్లారి జీపులో తీసుకొచ్చారు. ఘాట్ రోడ్డులో పొగమంచుకి ఆగి ఆగి, ఇక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అయింది.

నేను మామ్మతో మాట్లాడిన వేళకి ఆ జీపు ఇంకా ఘాటీలోనే ఉంది.

"ఉప్పు తగలకూడదని సెప్పాడమ్మా డాక్టరు" అంది చిలకమ్మ. "సప్పిడి జావ నోట్లో ఎడితే ఊసీసేది. మూడు రోజులు ఏటీ తిన్లేదు. కూసింత ఉప్పెట్టే అని నన్నడిగింది. మళ్లీ మళ్లీ అడిగింది. నాను ఎట్లేదు. బతుకుతాదని ఎట్లేదు." చేతిలో బుర్ర కింద పెట్టేసి ఏడ్చింది. "ఆకలితోటే పోనాది మాయమ్మ."

లేదు, తింది. నేను చూశాను. ఉప్పద్దుకుని తింది. ఈ నాలుగు మాటలే నేను చెప్పాల్సింది.

చెప్పలేకపోయాను. సిగ్గు ఒక్కటే కాదు. "మీ గూడెంలో చిక్కుడు కొత్త అయిందా?" అని మాత్రం అడిగాను. ఇంకా అవ్వలేదు, వచ్చే వారం అంది. అంటే, మామ్మ కొత్త కాకుండా తిందని నేను చెప్పాలి. జీవితమంతా ఆ కట్టు తప్పని మనిషి గురించి ఆమె కూతురికే చెప్పాలి. పైగా పోయిన మనిషిని చూశానంటే ఆ గూడెం ఎంత భయపడుతుందో, ఏమేం చేయిస్తారో తెలియదు. డొప్ప ఖాళీ చేసి లేచి వచ్చేశాను. మామ్మ పేరు సోనమ్మ అని ఆ రోజే తెలిసింది.

తర్వాత ఎన్నో రకాలుగా ఆలోచించుకున్నాను. వారం పొరబడ్డానా? డైరీలో తేదీ ఉంది, లలితక్క తీసుకున్న రైలు టిక్కెట్టు కూడా అదే పేజీలో అంటించి ఉంది. ఇంకెవరినైనా చూసి మామ్మ అనుకున్నానా? ఆ చెవి, ఆ పచ్చబొట్టు, ఆ వేళాకోళం ఇంకెవరికి ఉంటాయి? ఆకు అక్కడ తిన్న వాళ్లెవరిదైనా కావచ్చు, నిజమే. కానీ ఆ దారిన దిగే గూడేల్లో అప్పటికి ఎక్కడా చిక్కుడు కొత్త కాలేదు. అది నెమ్మదిగా వాకబు చేసి తెలుసుకున్నాను.

డిగ్రీ, బి.ఇడి. అయ్యాక నాకు కొయ్యూరు వైపు ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. మొదటి చలికాలంలోనే ఊళ్లో వాళ్లు కొత్త పండగకి పిలిచారు. అన్నేళ్లు అరకులో ఉండి కూడా ఆ పండగ నేను దగ్గరుండి చూసింది లేదు. ఇంటి పెద్ద కొత్త పిక్కలు ఉడికించి, ఒక ఆకులో పెట్టి, అంచున చిటికెడు ఉప్పు వేసి, గుమ్మం బయట రాయి మీద పెట్టాడు. ఎవరికని అడిగాను.

"మా ఇంట్లో పోయినోళ్లకి, టీచరమ్మా. కొత్త ముందు ఆళ్లు తినాలి. ఆ తరవాతే మనకి."

నేను ఆ ఆకునే చూస్తూ నిలబడిపోయాను. నీకింకా కొత్త అవ్వలేదు, అంది మామ్మ. ఆకుని నాకు అందకుండా జరుపుకుంది. నేను చూసింది నిజమైతే, మామ్మ కట్టు తప్పనే లేదు. ఆ పండగ నాడు నాకు పిక్కలు పెట్టినా, చిలకమ్మకి చెప్పేదాకా తినలేననిపించి వద్దన్నాను. కారణం తెలియని అక్కడి వాళ్లు ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు.

సెలవులకి అరకు వెళ్లగానే వచ్చిన మొదటి శుక్రవారం సంతకి వెళ్లాను. అప్పటికి ఎనిమిదేళ్లు గడిచాయి. చిలకమ్మ జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి డొప్పలో అంబలి పోసి ఇచ్చింది. అది చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను. పొగమంచు, బండరాయి, ఆకు. ఇది ఎలా జరిగిందో నాకు తెలియదనీ, నేనే పొరబడి ఉండొచ్చనీ కూడా చెప్పాను. అది నిజం. ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా ఏదీ కనిపించదు.

చిలకమ్మ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. మధ్యలో వచ్చిన ఇద్దరికి అంబలి పోసి పంపించింది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"ఉప్పుందా ఆకులో?"

"ఉంది" అన్నాను. వేళ్లు ముడిచి ఎంతో చూపించాను. "ఇంత. కల్లుప్పు. ప్రతి పిక్కా అద్దుకుంది."

రేకు డబ్బా దగ్గరికి లాక్కుంది. సంతలో జనం మా ముందు నుంచి పోతూనే ఉన్నారు. తర్వాత మూత తీసి, కొంచెం ఉప్పు వేళ్లతో నలిపి నా డొప్పలో వేసింది. నా మొహం చూసి, ఇంకాస్త వేసింది.

"తాగమ్మా. ఉప్పు సాలకపోతే అడుగు."