లచ్చీరాం సార్ రెడ్ ఛానల్‌లోకి వచ్చిన రోజు

మాత్రల అట్టలు ఒకదానికొకటి రాసుకుంటే గరగరమని చప్పుడు వస్తుంది. విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల వెనుక నిలబడే ఉద్యోగం నాది కాబట్టి ఆ చప్పుడు రోజూ వింటాను. మొన్న ఒక పెద్దావిడ సంచి విప్పి తన మందులన్నీ బల్ల మీద గుమ్మరించినప్పుడు మాత్రం చేతిలో పని ఆగిపోయింది. భద్రాచలంలో, లచ్చీరాం సార్ ఇంటి అరుగు మీద గడిపిన రోజులు కళ్లముందు నిలిచాయి.

ఆయనది మా ఎదురిల్లు. తల్లాడ అవతల ఒక తండాలో పుట్టారు. ఆ తండాలో సర్కారు కొలువు చేసిన మొదటి మనిషి ఆయనే. కస్టమ్స్‌లో సూపరింటెండెంటుగా రిటైరై, రోజూ గోదావరి చూస్తూ బతకాలని భద్రాచలం వచ్చి ఇల్లు కట్టుకున్నారు. గోదావరి చూసే తీరిక మాత్రం ఆయనకు దొరకలేదు. గల్ఫ్‌కు పోయే మేస్త్రీలు, వంటవాళ్లు, నర్సులు ప్రయాణానికి ముందు, తీసుకెళ్లేవి సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోవడానికి పెట్టె మోసుకుని ఆయన అరుగు మీదికి వచ్చేవారు. డిగ్రీ పూర్తిచేసి, ఏం చేయాలో తోచక ఇంట్లో ఉన్న నన్ను ఒకరోజు పిలిచి, "నీ ఇంగ్లీషు రాత మంచిగుంటదట గదా బిడ్డా, జర వీళ్ల మందుల లిస్టు రాసిపెడతవా?" అని అడిగారు. అలా మొదలైంది.

పెట్టెలో ఉన్నవన్నీ బయట పెట్టించేవారు. ఒక్కొక్క మందు చేతిలోకి తీసుకుని, ఇది ఎవరికి, ఏ డాక్టరు రాశాడు, ఎన్ని రోజులకు సరిపోతుంది అని అడిగేవారు. కాగితంలో పొట్లం కట్టిన మాత్రలను అసలు ఒప్పుకునేవారు కాదు. పేరు అచ్చువేసిన అట్టతోనే ఉండాలి. ఒక నర్సు తెచ్చిన డాక్టరు చీటీలో సీత అని, పాస్‌పోర్టులో సీతామహలక్ష్మి అని ఉంటే మళ్లీ దవాఖానాకు పంపించారు. ఆమె విసుక్కుంది. "ముద్దుపేర్లు ఇక్కడ నడుస్తయమ్మా. అక్కడ నీ తరఫున మాట్లాడేది కాయితమొక్కటే," అన్నారాయన. మన దగ్గర ఏ షాపులోనైనా దొరికే దగ్గుమందు ఇంకో దేశంలో నేరం కావచ్చునని నాకు తెలిసింది ఆ అరుగు మీదే.

వీరన్న సంగతి చెప్పాలి. అతను సార్ తండాకే చెందిన మేస్త్రీ. రెండోసారి గల్ఫ్‌కు పోతున్నాడు. అతని పెట్టెలో బట్టల మధ్య ఒక తెల్ల కవరు దొరికింది. దాని నిండా నొప్పి మాత్రలు. ఊళ్లోని పెద్ద రైతు అక్కడున్న తన అల్లుడికి ఇమ్మని పంపాడట. సార్ ఒక అట్ట మీది పేరు చదివి, కవరు పక్కన పెట్టేశారు. మర్నాడు ఆ రైతే కారులో దిగాడు.

"మా అల్లుడు నడుంనొప్పితోటి మంచమెక్కిండు. నాలుగు గోలీలకు ఇంత లొల్లి ఏంది?"

"నొప్పి నిజమే కావచ్చు. ఆ దేశంల ఈ గోలీకి ముందుగాల పర్మిషన్ కావాలె. దొరికితే జైలుకు పొయ్యేది మీ అల్లుడు గాదు, వీరన్న."

"తండాల పుట్టి మాకు చట్టం చెప్తున్నవా?"

నేను లిస్టు రాయడం ఆపి తలెత్తాను. సార్ గొంతు మాత్రం పెరగలేదు. "అవ్, తండాల పుట్టిన. అందుకే చెప్తున్న. మీ ఇంటి మనిషి ఇరుక్కుంటే వకీలును పెడతరు. మా తండా మనిషి ఇరుక్కుంటే అడిగే దిక్కుండదు. మీ అల్లుణ్ని అక్కడి డాక్టరుకు చూపించుకోమనండి. ఆయన రాసిన మందు అక్కడే దొరుకుతది."

రైతు కవరు తీసుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత వీరన్న ఫోన్ చేశాడు. దిగగానే అతని పెట్టెంతా విప్పించారట. అందులో ఉన్నవి అతని బీపీ మాత్రలు, డాక్టరు చీటీ, నేను రాసిన లిస్టు. ఐదు నిమిషాల్లో పొమ్మన్నారట. కొన్ని నెలలకు ఆ రైతే తన కూతురి పెట్టె మోసుకొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. "కూసోండి," అని కుర్చీ జరిపారు సార్. పాత మాట ఎత్తలేదు.

కస్టమ్స్ పరీక్ష రాయమని నా వెంటపడింది ఆయనే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, నేను రెడ్ ఛానల్‌లో డ్యూటీలో ఉన్నాను. పన్ను కట్టవలసిన వస్తువు ఉన్నవాళ్లు తమంతట తాము చెప్పుకోవడానికి వచ్చే దారి అది. చెప్పేదేమీ లేదనుకున్నవాళ్లు పక్కనున్న గ్రీన్ ఛానల్‌లో నేరుగా బయటికి వెళ్లిపోతారు. వరుసలో నాలుగో మనిషి లచ్చీరాం సార్. పక్కన ఆయన భార్య కమ్లమ్మ గారు. మస్కట్‌లో ఉన్న కూతురి దగ్గర మూడు వారాలుండి వస్తున్నారు. నేను పరుగున వెళ్లి, "మీరు లైన్లో ఎందుకు సార్, రండి," అన్నాను. ఆయన కదల్లేదు. తన వంతు వచ్చాకే బల్ల దగ్గరికి వచ్చి, కూతురు తల్లికి కొనిచ్చిన బంగారు గాజుల డబ్బా తెరిచి, బిల్లుతో సహా నా ముందు పెట్టారు.

ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే నగల మీద మినహాయింపు ఉంటుంది. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా నా నోరు ఊరుకోలేదు. "అమ్మ చేతికి వేసుకుని వచ్చేస్తే ఎవరడిగేవారు సార్," అని మెల్లగా అన్నాను.

"ఎవరడగరనే గదా ఈ లైన్లకు వచ్చింది," అన్నారాయన, అంతే మెల్లగా. "నాకోసం రూల్ వంచినవంటే, నేను నీకు నేర్పిందేంది మరి? రాయి బిడ్డా."

రాశాను. ఒక్క అంకె తప్పలేదు. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన అధికారులు ఇద్దరు అప్పటికే వచ్చి నిలబడి చూస్తున్నారు. పన్ను కట్టి రసీదు అందుకున్నాక సార్ దాన్ని మడవకుండా కమ్లమ్మ గారికి చూపించి, అందరికీ వినబడేలా అన్నారు: "చూసినవా, మన బిడ్డ రాసింది."

సార్ పోయి రెండేళ్లవుతోంది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత ఇప్పుడు నాది. మొదటి రోజు వాళ్లకు రూల్ పుస్తకం ఇవ్వను. బల్ల ఇవతలికి తీసుకొచ్చి, రెడ్ ఛానల్ వరుసలో ఒక గంట నిలబెడతాను. అవతల సులువైన దారి తెరిచి ఉండగా, ఇటు నడిచి వచ్చేవాళ్ల ముఖాలు చూడమంటాను.