ఆఖరి ప్రశ్న

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలైన పదేళ్లకు, జనగామలో రైలెక్కాను. ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయి సర్వే కాగితం తీసి ప్రశ్నలడిగింది.

"ఆడబిడ్డకు భూమిల వాటా ఇయ్యాల్నా, అవ్వా?"

"ఇయ్యాలె."

"అన్ని కులాలోళ్లు ఒక్క బాయిల నీళ్లు తాగొచ్చునా?"

"తాగాలె. దూప అందరికీ ఒక్కటే గదా."

బొట్టులేని నా నుదురు చూసి గొంతు తగ్గించింది. "మొగుడు పోయినామె ఎదురొస్తే కీడా?"

"ఉత్త మాట. కీడు కాదని రాసుకో."

మహబూబాబాద్‌లో రైలాగింది. పెళ్లివాళ్లు దిగడానికి లేచారు. వాళ్లకు ఎదురుపడకుండా నేను, అలవాటుగా, కొంగు కప్పుకుని కిటికీవైపు తిరిగాను.

అమ్మాయి పెన్ను పట్టుకుని నన్నే చూస్తోంది. "ఆఖరుది ఏమని రాయాలె, అవ్వా?"

"కొట్టెయ్, బిడ్డా."

తర్వాతి ప్రయాణంలో వేరే పెళ్లివాళ్లు ఎదురైతే, వాళ్లకంటే నేనే ముందు దిగాను. వెనక ఎవరో గొణిగారు. గొణగనీ.